ఫుల్ హెచ్‌డీ ప్లాన్ కట్టినా బొమ్మ మసగ్గా ఎందుకొస్తుంది?

నెట్ స్పీడు బాగుంది, ప్లాన్ కూడా పెద్దదే. అయినా ఫోన్లో సినిమా అలికేసినట్టు కనిపిస్తుంటే ముందే రౌటర్‌ని తిట్టకండి. నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో యాప్ సెట్టింగ్స్‌కి వెళ్లి, ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ తెరవండి. వైడ్‌వైన్ దగ్గర ఎల్1 అని ఉంటే సరే. ఎల్3 అని ఉంటే మాత్రం ఎంత కట్టినా ఎస్‌డీతో, అంటే తక్కువ స్పష్టత ఉన్న బొమ్మతో సరిపెట్టుకోవాల్సిందే.

వైడ్‌వైన్ అంటే వీడియోలు కాపీ కాకుండా వేసే గూగుల్ వాళ్ల తాళం. ఎల్1 ఫోన్లలో దాని తాళంచెవి (కీ) ప్రాసెసర్‌లోనే విడిగా కట్టుదిట్టం చేసిన భాగంలో ఉంటుంది, వీడియో విప్పడమూ అక్కడే. ఎల్3లో అంతా మామూలు సాఫ్ట్‌వేర్ పనే కాబట్టి సర్వర్ నమ్మదు, తక్కువ రిజల్యూషన్ పంపి ఊరుకుంటుంది. చిప్ ఖరీదైనదైతే చాలదు. తయారీదారు కీ ఎక్కించి, సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. వన్‌ప్లస్ 5, 5టీ ఫోన్లు 2017లో ఎల్1 లేకుండానే అమ్ముడయ్యాయి. తర్వాత అది కావాలన్నవాళ్లు ఫోన్‌నే కంపెనీకి పంపాల్సి వచ్చింది. 2018 నాటి పోకో ఎఫ్1కి మరుసటి ఏడాది అప్‌డేట్‌లో వచ్చింది. బూట్‌లోడర్‌ని, అంటే ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ని, అన్‌లాక్ చేస్తే చాలా ఫోన్లు ఎల్3కి పడిపోతాయి. మళ్లీ లాక్ చేస్తే కొన్నిట్లో తిరిగొస్తుంది, అన్నిట్లో కాదు.

టీవీకో ప్రొజెక్టర్‌కో కలిపినప్పుడు తంటా ఇంకోటి: మాటలు వినిపిస్తాయి, తెర నల్లగా ఉంటుంది. ఇది హెచ్‌డీసీపీ పని, అంటే కేబుల్లో వెళ్లే బొమ్మని కాపీ చేయకుండా వేసే తాళం. హెచ్‌డీఎంఐ దారిలో ఉన్న ప్రతి పెట్టె, అంటే స్ప్లిటర్, సౌండ్ రిసీవర్, టీవీ, అన్నీ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. 4కేకి సాధారణంగా 2.2 వెర్షన్ అడుగుతారు. మధ్యలో పాత హెచ్‌డీసీపీ 1.4 రిసీవర్ ఒక్కటున్నా 4కే రాదు. అందుకని మధ్యవన్నీ పీకేసి నేరుగా టీవీకి పెట్టి చూడండి. బొమ్మ వస్తే ఒక్కొక్కటే తిరిగి కలపండి, దొంగ దొరుకుతాడు. పాత 4కే టీవీల్లో అన్ని పోర్టులకూ 2.2 ఉండదు, పోర్టు మార్చడం మరవకండి. వీజీఏ కన్వర్టర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంతా చేసి, హెచ్‌డీసీపీ మాస్టర్ కీ 2010లోనే బయటపడింది. అది నిజమైనదేనని హెచ్‌డీసీపీని తయారుచేసిన ఇంటెల్ ఒప్పుకుంది. పైరసీ చేసేవాడు ఒక్కసారి తాళం తీస్తే చాలు, ఆ కాపీకి ఎల్1 అక్కర్లేదు, పోర్టు తగాదా లేదు. పరీక్షలన్నీ డబ్బు కట్టినవాడికే, అదీ ప్లే నొక్కిన ప్రతిసారీ.

ఈ-పుస్తకాలదీ ఇదే తీరు. అడోబీ తాళం వేసే షాపుల్లో కొంటే ముందు చేతికొచ్చే ఏసీఎస్ఎం ఫైలు పుస్తకం కాదు, టోకెన్. దాన్ని అడోబీ డిజిటల్ ఎడిషన్స్‌లో తెరిస్తేనే అసలు పుస్తకం దిగుతుంది. అక్కడ ఐడీ లేకుండా ఆథరైజ్ చేసే ఆప్షన్ ఊరిస్తుంది, ఎంచుకోవద్దు. పుస్తకం ఆ ఒక్క కంప్యూటర్‌కే అంటుకుపోతుంది. ఒక ఐడీతో తెరిచిన టోకెన్‌ని మరో ఐడీతో తెరిస్తే, ఇంకొకరు వాడేశారంటూ ఎర్రర్ వస్తుంది.

షాపు మూతపడితే? మైక్రోసాఫ్ట్ 2019లో ఈ-బుక్ దుకాణం కట్టేసింది. డబ్బు వెనక్కిచ్చింది నిజమే, పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. షాపు తెరిచే ఉన్నా ధీమా లేదు: కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించి యూఎస్‌బీతో ఎక్కించే సదుపాయాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది.

మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ చేరింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాట అందులో ఉండటం కొంత నయం.

కొనేముందు కిండిల్ పేజీలో వివరాలు పూర్తిగా చదవండి. ప్రచురణకర్త కోరిక మీద డీఆర్ఎం (ఇలాంటి డిజిటల్ తాళం) లేకుండా అమ్ముతున్నామన్న వాక్యం కొన్నిటికి ఉంటుంది. అదే పుస్తకం ప్రచురణకర్త సొంత సైట్‌లో మామూలు ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు) రూపంలో దొరికితే అక్కడే కొని, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.