జెండా మీద జాజికాయ ఉన్న దేశం

2024 ఆగస్టు 8 రాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు. పారిస్‌లో జావెలిన్ ఫైనల్, మనకు అర్ధరాత్రి. అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరేసరికి హాల్లో అందరం గమ్మునైపోయాం, నీరజ్ చోప్రా 89.45 వేశాక పక్కింట్లోంచి కూడా కేకలు వినిపించాయి. ఆ తర్వాత వారం రోజులు తిరుపతిలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఆ ఇద్దరి మాటే. మూడో అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆండర్సన్ పీటర్స్, 88.54 మీటర్లు, కాంస్యం, దేశం గ్రెనేడా. నిజానికి ఆ పేరు మనకు ముందే గుర్తుండాలి, ఎందుకంటే 2022లో అమెరికాలోని యూజీన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 90.54 విసిరి బంగారం కొట్టింది ఇతనే, అప్పుడు నీరజ్‌కి వెండి వచ్చింది.

మరుసటి రోజు పతకాలిచ్చేటప్పుడు మూడు జెండాలు పైకి వెళ్తుంటే మా అక్క అంది, "ఆ మూడో జెండాలో ఎడమ పక్క ఏదో కాయలా ఉందే, ఏంటది?" అని. ఫోన్‌లో వెతికాను. చుట్టూ ఎర్రటి అంచు, లోపల పసుపు, ఆకుపచ్చ త్రికోణాలు, ఏడు నక్షత్రాలు, ఎడమ వైపు ఆకుపచ్చలో పండి పగిలిన కాయ ఒకటి. జాజికాయ!

మా అవ్వ దగ్గర ఒక చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. అందులో వసకొమ్ము, కరక్కాయ, మాసికాయ, జాజికాయ. అక్క కూతురికి అప్పుడు ఏడో నెల, తలకు పోసిన రోజు అవ్వ సానరాయి ముందేసుకుని, రెండు చుక్కలు నీళ్లు వేసి, ఒక్కోదాన్నీ ఇన్ని చుట్లు అని లెక్కపెట్టి అరగదీస్తుంది. జాజికాయ మాత్రం ఒక్క చుట్టే, "ఎక్కువైతే మత్తు నాయనా" అంటుంది. అరిగి అరిగి ఆ కాయ ఒక పక్క చదునైపోయింది, ఆ చదును మీద గోధుమ రంగు గీతలు సన్నగా, పాలరాతి మీద గీతల్లా కనిపిస్తాయి. అవ్వకి ఆ జెండా చూపించి, ఆ పండు ఫోటో కూడా చూపించాను. చిన్న జామకాయంత పసుపు పండు, మధ్యకు పగిలి, లోపల నిగనిగలాడే నల్లటి పెంకు, దాన్ని చుట్టుకుని ఎర్రటి వలలాంటి తొడుగు. ఆ ఎర్ర తొడుగు ఎండితే జాపత్రి, పెంకు పగలగొడితే లోపల జాజికాయ. "రెండూ ఒకే చెట్టువా? ఇన్నేళ్లూ వేరే వేరే అనుకుంటినే" అంది అవ్వ, కళ్లద్దాలు సర్దుకుని ఇంకోసారి చూసి, "యాడుంది ఆ ఊరు?" అని అడిగింది.

అవ్వకి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

దక్షిణ అమెరికాలో వెనిజులా తీరానికి ఉత్తరంగా, కరేబియన్ సముద్రంలో చుక్కలు పెట్టినట్టు ఉండే దీవుల వరుసలో కింది చివరకు దగ్గరగా ఉంటుంది గ్రెనేడా. పెద్ద దీవి పేరే గ్రెనేడా, దానికి ఉత్తరాన కారియకూ, పెటిట్ మార్టినిక్ అని రెండు చిన్న దీవులు. అన్నీ కలిపి 344 చదరపు కిలోమీటర్లు. పెద్ద దీవి పొడవు దాదాపు 34 కిలోమీటర్లు, అంటే తిరుపతిలో చిత్తూరు బస్సెక్కితే సగం దారిలోనే దేశం అయిపోతుంది. జనాభా లక్షకు కాస్త పైన. 2011 లెక్కల ప్రకారమే మన తిరుపతి కార్పొరేషన్‌లో 2.87 లక్షల మంది ఉన్నారు. కొండ మీద రద్దీ ఉన్న రెండు రోజుల్లో స్వామిని చూసుకునేవాళ్ల కంటే ఆ దేశం మొత్తంలో మనుషులు తక్కువ. అన్నట్టు అక్కడి ఎత్తైన శిఖరం సెయింట్ కేథరిన్ 840 మీటర్లు, మన తిరుమల ఎత్తు కూడా దాదాపు అంతే. అది అగ్నిపర్వతాల నుంచి పుట్టిన నేల. సముద్రం అడుగున, ఉత్తర తీరానికి 8 కిలోమీటర్ల దూరంలో కిక్ ఎమ్ జెన్నీ అనే అగ్నిపర్వతం ఇప్పటికీ బతికే ఉంది.

మనం చిన్నప్పటి నుంచి వెస్టిండీస్ వెస్టిండీస్ అని ఒక దేశం పేరులా పలుకుతూ పెరిగాం కదా, అది ఒక దేశం కాదు, ఇలాంటి చిన్న చిన్న దేశాలన్నీ కలిసి ఆడే జట్టు. ఓపెనర్ డెవన్ స్మిత్, ఆండ్రీ ఫ్లెచర్, మహిళల జట్టులో లెగ్ స్పిన్ వేసే ఏఫీ ఫ్లెచర్, వీళ్లంతా గ్రెనేడా వాళ్లే.

1498లో కొలంబస్ దూరం నుంచి చూసి వెళ్లిపోయాడు. 1649లో ఫ్రెంచి వాళ్లు దిగారు. ముందు నుంచి అక్కడున్న కరీబ్ ప్రజలతో రెండేళ్లలోపే యుద్ధం, చివరికి తరుముకొస్తుంటే పట్టుబడడం ఇష్టం లేక ఉత్తరాన ఒక కొండ అంచు నుంచి వాళ్లు సముద్రంలోకి దూకేశారు. ఆ ఊరి పేరు ఇప్పటికీ సోటర్స్, ఫ్రెంచిలో దూకినవాళ్లు అని అర్థం. చంపినవాళ్ల భాషలో పెట్టిన పేరే ఊరికి మిగిలిపోయింది, నాకైతే చదివినప్పుడు కడుపులో దేవినట్టయింది. 1763లో ఇంగ్లీషు వాళ్ల చేతికొచ్చింది. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలతో చెరకు పండించారు. 1838కి బానిసత్వం పూర్తిగా పోయింది, చెరకు తోటల్లో పనికి మనుషులు కరువయ్యారు. అప్పుడు మన వాళ్లని ఓడ ఎక్కించారు. 1857 మే 1న మెయిడ్‌స్టోన్ అనే ఓడ అక్కడికి చేరింది. కలకత్తాలో ఎక్కినవాళ్లు 375 మంది, దిగింది 287 మంది. మిగతా వాళ్లు దారిలోనే పోయారు. 1885 వరకు ఇలా సుమారు 3,200 మంది వెళ్లారు, వాళ్ల పిల్లల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు, రొట్టెని అక్కడ ఇప్పటికీ రోటీ అనే అంటారు.

జాజికాయ అక్కడిది కాదు. అది ఇండోనేషియాలోని బాందా దీవులది, దాని కోసం డచ్చి వాళ్లు ఆ దీవుల్లో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టారు. గ్రెనేడాకి 1843లో వచ్చింది. చెరకు దెబ్బతిన్నాక కోకో, జాజి చెట్లే ఆ దేశానికి అన్నం పెట్టాయి, ఒకప్పుడు ప్రపంచంలో ఇండోనేషియా తర్వాత రెండో స్థానం గ్రెనేడాదే, ప్రపంచానికి కావలసిన జాజికాయలో ఐదో వంతు ఈ చిన్న దీవి నుంచే వెళ్లేది.

దాని సాగు గురించి చదువుతున్నప్పుడు నాకు మా మామ గుర్తొచ్చాడు. మామకి దామలచెరువు దగ్గర మామిడి తోట ఉంది, ఎక్కువగా తోతాపురి, కొంచెం బేనీషా. మామిడికి అంటు కట్టుకోవచ్చు, నాలుగైదేళ్లకు కాపు మొదలు. జాజి గింజ నాటితే ఐదు నుంచి ఎనిమిదేళ్లు ఆగాలి, అప్పుడు పూత వస్తేగానీ అది ఆడ చెట్టో మగ చెట్టో తెలియదు! మగదైతే కాయదు. పది ఆడ చెట్లకు ఒకటో రెండో మగవి ఉంచుకుని మిగతావి కొట్టేయాలి. నిండు కాపుకు రావాలంటే ఇరవై ఏళ్ల దాకా పడుతుంది. కాయ పండి దానంతటదే పగిలి రాలుతుంది, కింద ఏరుకోవాలి. రైతులంతా కలిసి 1947లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు, పడమటి తీరంలో చేపలు పట్టే ఊరు గ్వావ్‌లో దాని పెద్ద షెడ్డు ఉంది. చెక్క తట్టల్లో పోసి వారాల తరబడి ఆరబెడతారు, పెంకు తీశాక నీళ్లలో వేస్తారు, మునిగితే మంచి కాయ, తేలితే తక్కువ రకం. ఆడవాళ్లు వరసగా కూర్చుని ఒక్కో కాయనీ చేత్తో ఏరతారు. కాయ ఇచ్చినప్పుడు కొంత డబ్బు, ఏడాది లెక్కలు తేలాక మిగులులోంచి ఇంకొంత బోనస్‌గా ఇస్తారు. ఇది మామకి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. పోయిన సీజన్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ నిండా తోతాపురితో రెండు రాత్రులు పడుకున్న మనిషి, లోపలికి వెళ్లేసరికి పై వరస మెత్తబడిపోయింది. "బోనస్ కూడా ఇస్తారా" అన్నాడు, అంతే.

పారేసే పెంకులు కూడా వృథా పోవు, తోటల్లో నడిచే దారుల మీద పరుస్తారు. పండు కండతో జెల్లీ చేస్తారు.

వాళ్ల జాతీయ వంటకం పేరు ఆయిల్ డౌన్. మన చేమాకు లాంటి ఆకులు, సీమపనస, ఉప్పు మాంసం, పసుపు, కొబ్బరిపాలు ఒకే పెద్ద గిన్నెలో వేసి పొయ్యి మీద వదిలేస్తారు. పాలన్నీ ఇగిరి కొబ్బరినూనె మాత్రం అడుగున మిగిలేదాకా ఉడకాలి, అందుకే ఆ పేరు. మనం నూనె పైకి తేలితే కూర అయిందంటాం, వాళ్లు నూనె అడుక్కి దిగితే అయిందంటారు. పసుపుని వాళ్లు కుంకుమపువ్వు పేరుతో పిలుస్తారు, ఆ పేరు ఎలా అంటుకుందోగానీ వస్తువు మాత్రం మన పసుపే.

ఇక 1983. దీని గురించి రాయకుండా గ్రెనేడా గురించి రాస్తే సగం కూడా రాసినట్టు కాదు. 1974 ఫిబ్రవరి 7న స్వాతంత్ర్యం వచ్చింది, ఎరిక్ గేరీ మొదటి ప్రధాని. గేరీ మనుషులు ఎదిరించినవాళ్లని కొట్టి భయపెట్టేవాళ్లు. 1979 మార్చి 13న ఆయన న్యూయార్క్‌లో ఉండగా మారిస్ బిషప్ అనే యువ లాయర్ తన న్యూ జువెల్ ఉద్యమం వాళ్లతో అధికారం పట్టుకున్నాడు. చదువు రాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పించారు, కాన్పుకు సెలవు చట్టం చేశారు, క్యూబా సాయంతో పెద్ద విమానాశ్రయం కట్టడం మొదలుపెట్టారు. అలాగే ఎన్నికలు పెట్టలేదు, ఎదిరించినవాళ్లని విచారణ లేకుండా జైల్లో ఉంచారు, అదీ చెప్పాలి. 1983 అక్టోబరులో సొంత పార్టీ వాళ్లే బిషప్‌ని గృహనిర్బంధంలో పెట్టారు. 19న వేలమంది జనం వెళ్లి విడిపించి, రాజధాని సెయింట్ జార్జెస్‌లో కొండ మీది కోటకు తీసుకెళ్లారు. సైన్యం వచ్చింది, కాల్పులు జరిగాయి, బిషప్‌ని, విద్యామంత్రిగా పనిచేసిన జాక్విలిన్ క్రెఫ్ట్‌ని, ఇంకొందరిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. శవాలు ఇప్పటికీ దొరకలేదు. ఆరు రోజులకు, 25న, అక్కడి మెడికల్ కాలేజీలో చదువుతున్న అమెరికా పిల్లల రక్షణ కోసమని చెప్పి అమెరికా అధ్యక్షుడు రీగన్ సైన్యాన్ని దించాడు. లక్ష మంది ఉన్న దేశం మీదికి వేలల్లో సైనికులు. ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 108 ఓట్లతో దాన్ని ఖండించింది, 9 మాత్రమే వ్యతిరేకం. అక్కడి జనంలో చాలామంది మాత్రం ఆ సైన్యం రావడం వల్లే బతికిపోయామనుకున్నారు, 25న ఇప్పటికీ సెలవే. ఆ విమానాశ్రయానికి 2009లో మారిస్ బిషప్ పేరే పెట్టారు. చనిపోయిన 40 ఏళ్లకు, 2023లో, అక్టోబరు 19ని జాతీయ వీరుల దినంగా ప్రకటించారు. శవం దొరకని ఇంట్లో వాళ్లకి 40 ఏళ్లంటే ఎంత కాలమో.

ఆటల్లో కూడా ఈ దేశం నన్ను ఆశ్చర్యపరిచింది. 2012 లండన్‌లో గ్వావ్ ఊరి కుర్రాడు కిరానీ జేమ్స్ 400 మీటర్లు 43.94 సెకన్లలో పరిగెత్తి దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చాడు, అదీ బంగారం. తర్వాత రియోలో వెండి, టోక్యోలో కాంస్యం కూడా అతనివే. పారిస్‌లో పీటర్స్‌తో పాటు డెకథ్లాన్‌లో లిండన్ విక్టర్ ఇంకో కాంస్యం. మన ఒక్క కార్పొరేషన్‌లో సగం కూడా లేని జనం.

మొన్న మామ ఇంటికి వెళ్లినప్పుడు మళ్లీ ఈ మాటే వచ్చింది. ఆ రెండు రోజుల ముందే గాలివాన వచ్చి పిందె బాగా రాలింది, చెట్ల కింద పచ్చగా పరుచుకుని ఉంది, మామ చేత్తో ఒకటి తీసి గోటితో గిచ్చి చూసి పడేశాడు. "చెట్టు నిలబడింది కదా, వచ్చే ఏడు చూసుకుందాం" అన్నాడు. అప్పుడు ఇవాన్ తుఫాను గురించి చెప్పాను. 1955లో వచ్చిన జానెట్ తర్వాత అంత పెద్ద తుఫాను చూడని దేశం. 2004 సెప్టెంబరు 7న ఇవాన్ నేరుగా వచ్చి పడింది. 39 మంది చనిపోయారు, పది ఇళ్లకు తొమ్మిది దెబ్బతిన్నాయి, నష్టం ఆ దేశం ఏడాది మొత్తం సంపాదనకు రెండింతలు. జాజి చెట్లలో ఎక్కువ భాగం వేళ్లతో సహా పడిపోయాయి. మన దగ్గర 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు పారినప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు పడిన టెన్షన్ మాకు తెలుసు. కానీ చెట్టుకు చెట్టే లేచిపోయే గాలి మాకు తెలియదు.

"మళ్లీ అదే నాటినారా?" అన్నాడు మామ.

"కొంతమంది కోకోకి మారిపోయారు, అది తొందరగా కాపుకొస్తుంది. కొంతమంది మాత్రం మళ్లీ జాజే నాటారు."

"నిండు కాపు ఇరవై ఏళ్లకు అంటివి కదా." వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. "అయితే ఇరవై నాలుగుకి వచ్చుండాల."

2024 జులై 1న బెరిల్ తుఫాను కారియకూ మీద పడిందని, ఆ దీవిలో ఇళ్లు దాదాపు ఒక్కటీ మిగలలేదని, పెద్ద దీవి ఉత్తరాన తోటలు కూడా పోయాయని చెప్పాను. మామ తువ్వాలు భుజం మీద నుంచి తీసి మళ్లీ వేసుకున్నాడు.

"ఆ ఈటె విసిరిన పిల్లోడు ఆడింది ఏ నెల?"

"ఆగస్టు, మామా."