అడ్డం, నిలువు

పొద్దున పేపర్ రాగానే గళ్ళ నుడికట్టు, అదే క్రాస్‌వర్డ్, ఉన్న పేజీ నాకిచ్చేయాల్సిందే. మిగతాది ఎవరు చదువుకున్నా ఓకే. 1913లో న్యూయార్క్ పేపర్లో మొదలైన ఆటే అయినా, తెలుగులోకి వచ్చాక దాని తిప్పలు వేరు. గుణింతం, ఒత్తు అన్నీ ఒకే గడిలో సర్దుకోవాలి. అడ్డంలో ‘ష్టి’ పడితే నిలువులోనూ ‘ష్టి’నే కుదరాలి, ‘ష్ట’ అంటే ఒప్పుకోదు. అసలు మజా అక్కడే!

నిన్న ‘వెనుదిరిగిన నెల్లూరు నది (2)’ అని ఆధారం. నది తెలుసు, రోజూ చూసేదే. అయినా తట్టదే! వంటింట్లో దోసె తిప్పుతూ మా అత్తమ్మ, “న్నాపె అని రాయమ్మా, పెన్నాని తిరగేస్తే అంతేగా” అనేసింది. పైగా పెన్సిల్ ఎందుకు, పెన్నుతోనే రాయమని ఆర్డరు కూడా.