థీసిస్‌కు పర్మిషన్ కావాలా? ప్రశ్నపత్రం మాత్రం ముందు ఇవ్వొద్దు

బెంగళూరులో ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నా. మాది హిందూపురం. థీసిస్ బైండింగుకు ఇచ్చి ఇప్పుడే వచ్చా. మంట చల్లారకముందే రాసేస్తున్నా.

టాపిక్: బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే స్థితి) గురించి ఎంత తెలుసు. గైడ్ మేడమ్ వెంటనే సరేనన్నారు. ఎథిక్స్ కమిటీ మాత్రం విద్యార్థులు కాదనలేరు కదా, బలవంతం లేదని ఎలా నమ్మాలి అని అడిగింది. సబబైన ప్రశ్నే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనూ ఆ జాగ్రత్త ఉంది. పేరు రాయక్కర్లేదు, ఇష్టం లేకపోతే లేచి వెళ్లొచ్చు అని సమ్మతి పత్రంలో చేర్చాక సంతకం పడింది. కన్నడ కాపీ రూమ్మేట్ రాసిపెట్టింది. ప్రశ్నపత్రాన్ని నిపుణులకు చూపించే వాలిడేషన్, ముందు కొద్దిమందితో చేసి చూసే పైలట్ స్టడీ సాఫీగా అయిపోయాయి.

అసలు బాధ, అక్కడి పిల్లలకు ప్రశ్నపత్రం ఇచ్చేందుకు కావాల్సిన బయటి కాలేజీ పర్మిషన్‌తో. శివార్లలో ఒక కాలేజీకి వెళ్లా. పొద్దున బెంచీ మీద కూర్చుంటే క్యాంటీన్‌లో సాంబారు వాసన వచ్చేదాకా పిలుపు లేదు. లోపలికి వెళ్లాక కూర్చోమనలేదు. ఫీజు రసీదుల కోసం నిలబడిన ఫస్టియర్ పిల్లల ముందే ప్రిన్సిపాల్ మేడమ్, "ఏనమ్మా, మా పిల్లలకు పరీక్ష పెట్టడానికి నువ్వెవరు? మార్కులు తక్కువొస్తే మా కాలేజీ పేరు వేస్తావు, అంతేగా?" అన్నారు. పేరు వేయనని కమిటీ లెటర్ చూపించా. చదవలేదు. సీలు సరిగా పడలేదట, మళ్లీ తెమ్మన్నారు. తెచ్చా. అప్పుడు ప్రశ్నపత్రం ఒకటి 'ఫైలుకు' ఇవ్వమన్నారు. ఇవ్వకపోతే సంతకం లేదు. ఇచ్చా.

డేటా తీసుకునే రోజు ఫైనలియర్ క్లాసు కాసేపట్లోనే పెన్నులు మూసేసింది. రూముకొచ్చి దిద్దితే మతి పోయింది. బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) యాంటీబయాటిక్‌కు ముందు తీయాలి: అందరూ కరెక్ట్. బీపీ పడిపోతే కిలోకు 30 మి.లీ. ఫ్లూయిడ్: అందరూ కరెక్ట్. వాసోప్రెసర్ (బీపీ పెంచే మందు) పెట్టాక ఎంఏపీ (సగటు రక్తపోటు) 65 ఉండాలి: అదీ కరెక్టే. ఇక క్యూసోఫాలో (సెప్సిస్ ముప్పును మంచం దగ్గరే అంచనా వేసే స్కోరు) శ్వాస నిమిషానికి ఎంతకు చేరితే పాయింటు? జవాబు 22. క్లాసు క్లాసంతా 20 దాటితే అని టిక్కు పెట్టింది! అది పాత సిర్స్ (సెప్సిస్‌ను గుర్తించే ముందటి పద్ధతి) లెక్క. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతింటే సెప్సిస్ అని 2016లో నిర్వచనమే మార్చేశారు. క్యూసోఫా ఒక్కదాన్నే నమ్ముకోవద్దని 2021లో చెప్పారు, అది వేరే సంగతి. ఇక్కడ ఎవరో ట్యూటర్ పాత నోట్సు చూసి జవాబులు రాయించారన్నమాట. తర్వాత ఆ క్లాసమ్మాయే బస్టాపులో చెప్పింది: "అక్కా, ముందురోజే మేడమ్ బట్టీ పట్టించారు."

గైడ్ మేడమ్ ఆ కట్టంతా పక్కన పడేయించారు.

ఇంకో కాలేజీలో ప్రిన్సిపాల్ సార్ కాఫీ ఇప్పించి, పేపరు అడగను కూడా అడగలేదు. అక్కడ మార్కులు తక్కువే, కానీ నిజమైనవి. జ్వరం లేకపోతే సెప్సిస్ కాదని చాలామంది రాశారు. వయసు మళ్లినవాళ్లలో ఒళ్లు చల్లబడొచ్చు కూడా. నేను స్టాఫ్ నర్సుగా చేసినప్పుడు ఒక తాతకు టెంపరేచర్ 36 సెల్సియస్ కూడా లేదు, ఆయాసం, మాట తడబాటు. 'నిద్రమత్తులే' అన్నారు తోటివాళ్లు. డ్యూటీ డాక్టర్‌ను లేపి లాక్టేట్ పరీక్షకు రక్తం పంపించింది నేనే. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. రాత్రిపూట రోగిని ముందు చూసేది నర్సే, మరి ఆ పిల్లలకు నేర్పాల్సింది మార్కులా, మనిషిని చూడటమా?

పేపర్లు సీలు కవర్లో పెట్టుకుని, క్లాసులోనే విప్పండి. ముందుగా ఇవ్వబోమని లెటర్లో గైడ్ చేత రాయించండి. నిలబెట్టి మాట్లాడే చోట దండం పెట్టి వచ్చేయండి, బెంగళూరులో నర్సింగ్ కాలేజీలకు కరువా? లెక్కలు కట్టిపెట్టే స్టాటిస్టీషియన్‌తో డబ్బు సంగతి ముందే తేల్చుకోండి.

ఇది రాస్తుండగానే ఆ మొదటి కాలేజీ నుంచి ఫోన్. ఇన్‌స్పెక్షన్ ఉందట, వాళ్ల పిల్లలకు మంచి మార్కులొచ్చినట్టు ఒక లెటర్ కావాలట. గైడ్ మేడమ్ నంబరిచ్చా.