తప్పెటగుళ్ళ వీడియోల కోసం పాతిక వేలలో ఎడిటింగ్ కంప్యూటర్

2025 మార్చి, మూడో వారం

మాది గజపతినగరం దగ్గర పల్లె. మా పెదనాన్న తప్పెటగుళ్ళ బృందంలో కుర్రతనం నుంచీ ఆడుతున్నాడు. ఈ ఆట చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. గుండ్రటి రేకు గుల్లని గుండెల మీద కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు వేసుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ, పాడుతూ, గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వైపు యాదవులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన కళ ఇది. బృందంలో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ఆట మానేస్తున్నారు. అందుకని ఏడాదిగా ఎక్కడ ఆడినా వెళ్ళి ఫోన్లో తీస్తున్నాను. ఇప్పటికి 140 జీబీ పోగైంది.

ఇన్నాళ్ళూ ఫోన్లోనే కత్తిరించి అతికించేవాణ్ణి. పది నిమిషాలు దాటితే ఫోన్ కాలిపోతోంది, జాగా చాలడం లేదు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో 4 జీబీ ర్యామే ఉంది. అందులో వీడియో పెడితే బొమ్మ ఒకచోట ఆగిపోయి పాట మాత్రం నడుస్తుంది. ఇక వేరేది కొనాల్సిందే. మానిటర్, యూపీఎస్ అన్నీ కలిపి పాతిక వేలు దాటకూడదు.

ముందు నా పనేంటో కాగితం మీద రాసుకున్నాను. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) వీడియో, రెండు ఫోన్లతో తీసిన రెండు వరసలు, కింద పాట మాటలు, చప్పుడు హెచ్చుతగ్గులు సరిచేయడం. అంతే. రంగుల మాయలు, ఎఫెక్టులు నాకు వద్దు. అలా రాసుకున్నాక విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదని తేలిపోయింది, సగం బరువు దిగింది.

ఏప్రిల్ మొదటి వారం

విజయనగరంలో పాత కంప్యూటర్లు అమ్మే షాపులు మూడు తిరిగాను. జేబులో పెన్‌డ్రైవ్, అందులో నేనే తీసిన మూడు నిమిషాల క్లిప్, కెడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఇది ఉచితం, పాత మెషిన్లలో కూడా సర్దుకుపోతుంది. డావించీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలా మంచిదే గానీ ర్యామ్, గ్రాఫిక్స్ ఎక్కువ అడుగుతుంది. నా బడ్జెట్‌లో దాని జోలికి వెళ్ళలేదు.

మొదటి షాపులో పన్నెండు వేలకి ఒకటి చూపించారు. "ఐ7 అండీ, 16 జీబీ ర్యామ్. ఎడిటింగ్‌కి తిరుగుండదు" అన్నారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూస్తే ఐ7-3770 అని ఉంది. ఐ తర్వాత 7 ఉండటం ఒకటి, గీత తర్వాత 3 ఉండటం ఇంకొకటి. ఆ 3 అంటే మూడో తరం, 2012 నాటి ప్రాసెసర్. ఇప్పటి ఫోన్లు చాలావాటిలో వీడియో హెచ్‌ఈవీసీ పద్ధతిలో నొక్కిపెట్టి దాచే వీలుంది, నా ఫోన్ అలాగే తీస్తోంది. దానివల్ల ఫైలు చిన్నదవుతుంది, కానీ తిరిగి విప్పడం ప్రాసెసర్‌కి కష్టం. ఇంటెల్‌లో ఆ విప్పే పనికి ఆరో తరం నుంచి లోపల విడిగా ఏర్పాటు ఉంది, ఏడో తరం నుంచి 10 బిట్ (రంగుల వివరం ఎక్కువుండే) వీడియోకి కూడా ఉంది. మూడో తరంలో అసలు లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ ఏర్పాటుని ఎంతవరకు వాడుకుంటుందనేది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది గనుక ఊరికే చదివి నమ్మలేదు. నా క్లిప్ పెట్టమన్నాను. గుండ్రంగా తిరుగుతున్న మనుషులు ముక్కలు ముక్కలుగా దూకారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మూడో షాపులో ఒక ఆఫీసులో వాడి తీసేసిన చిన్న కంప్యూటర్ డబ్బా దొరికింది. ఐ5-8500, ఆరు కోర్లు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే వేగంగా నడిచే డిస్కు). అదే క్లిప్ ఇందులో సాఫీగా నడిచింది. పైకి ఐ5, పక్కవాళ్ళ ఐ7 కంటే తక్కువలా కనిపిస్తుంది. పనిలో మాత్రం పోలికే లేదు. ఎనిమిదో తరం ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 11 ఇంటెల్‌లో సుమారుగా ఇక్కడి నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14 వరకే.

డబ్బులిచ్చే ముందు మూత తీయించాను. ర్యామ్‌కి ఖాళీ గాడి ఉందా, రెండో డిస్కు పెట్టే జాగా ఉందా చూసుకున్నాను, రెండూ ఉన్నాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌తో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో, ఆరోగ్యం ఎలా ఉందో తెలుస్తుంది. ఒక్క హెచ్చరిక: ఈ ఆఫీసు డబ్బాల్లో పవర్ సప్లై చిన్నది, మామూలు మార్కెట్‌లో దొరికేది అందులో పట్టదు. రేపెప్పుడో పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనే ఆలోచన ఉన్నవాళ్ళు ఇది కొనకూడదు.

ఖర్చు: డబ్బా 15,500, ఇంకో 8 జీబీ ర్యామ్ 1,400, వాడిన 22 అంగుళాల ఐపీఎస్ మానిటర్ 4,500, యూపీఎస్ 2,600, వైరు హెడ్‌ఫోన్ 700. మొత్తం 24,700. కీబోర్డు, మౌస్, 500 జీబీ హార్డ్‌డిస్కు ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌వే. ర్యామ్ ఒకే 16 కాకుండా రెండు ఎనిమిదులు వేయించాను. గ్రాఫిక్స్ విడిగా లేనప్పుడు అది ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు గాడుల నుంచి తీసుకుంటే వేగం ఎక్కువ.

ఏప్రిల్ చివర

సర్దుకున్న పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్, ఇప్పుడు పని చేస్తున్న వీడియో ఎస్‌ఎస్‌డీలో, అయిపోయినవి హార్డ్‌డిస్కులో. నా ఫోన్ 1080పీలో సెకనుకి 17 మెగాబిట్ల చొప్పున తీస్తుంది, అంటే నిమిషానికి సుమారు 127 ఎంబీ. నాలుగు గంటల ఆటకి 30 జీబీ. 4కేలో తీస్తే దానికి దాదాపు మూడింతలు. మా ఊళ్ళో చూసేది ఫోన్లలో, చిన్న టీవీల్లో. 1080పీ చాలు.

రెండు వరసలు పైనా కిందా పెట్టేసరికి ఈ మెషిన్ కూడా కొంచెం తడబడింది. అప్పుడు కెడెన్‌లైవ్‌లో ప్రాక్సీ ఆన్ చేశాను. అసలు వీడియోకి బదులు తేలికపాటి నకలు తయారుచేసి, మనం ఎడిటింగ్ దాని మీద చేసుకుంటే, చివర్లో ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోని ఫైలుగా తీయడం) మాత్రం అసలుతో చేస్తుంది. ఇంత మార్పు వస్తుందని అనుకోలేదు. తక్కువ డబ్బుతో పని చేసేవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

మే రెండో వారం

మొదటి వీడియో పూర్తిచేసి పెదనాన్నకి చూపించాను. నలభై నిమిషాల క్లిప్. మొదట్లో మురిసిపోయాడు. సగం దాటాక ముఖం ముడుచుకున్నాడు.

"ఏటి బావూ, సెయ్యి ముందు పడతంది, సప్పుడు యెనకాల వస్తంది" అన్నాడు.

నాకు కనిపించలేదు. ఇంటికెళ్ళి ఒక్కో ఫ్రేమూ జరిపి చూశాను. అరచెయ్యి గుల్లకి పూర్తిగా ఆనింది, వేళ్ళు రేకు మీద పరుచుకున్నాయి. కింద చప్పుడు గీతలో శిఖరం మాత్రం ఐదు ఫ్రేములు అవతల ఉంది. సెకనుకి 30 ఫ్రేముల లెక్కన అది సెకనులో ఆరో వంతు. మాటలే ఉన్న వీడియో అయితే ఎవరూ పట్టించుకోరేమో. ఇది తాళం మీద బతికే ఆట. ఆయన చెవి ఒక్కసారికే పట్టేసింది.

కారణం వెతికితే తేలింది. ఫోన్లు చాలావరకు ఫ్రేములని ఒకే వేగంతో తీయవు. వెలుతురు తగ్గినప్పుడు, వేడెక్కినప్పుడు కొన్ని ఫ్రేములు ఆలస్యం చేస్తాయి. మా ఆటలు రాత్రిపూట దీపాల వెలుగులో. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నీ సమానంగా ఉన్నాయనుకుని పేరుస్తుంది, పోనుపోను తేడా పెరుగుతుంది. క్లిప్ పెట్టినప్పుడు కెడెన్‌లైవ్ నన్ను అడిగింది కూడా, ఫ్రేమ్ వేగం నిలకడగా లేదు, మార్చమంటారా అని. అర్థం కాక మూసేశాను.

ఇప్పుడు ప్రతి క్లిప్‌నీ ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌లో వేసి, నిలకడ ఫ్రేమ్ రేట్, 30 అని పెట్టి మారుస్తున్నాను. నలభై నిమిషాల క్లిప్‌కి పావుగంట పట్టింది. తర్వాత అన్నం తిని వచ్చి ఎడిటింగ్ మొదలుపెడతాను. మళ్ళీ చూపించినప్పుడు పెదనాన్న ఏమీ అనలేదు, గుమ్మం మీద కూర్చుని తొడ మీద తాళం వేశాడు.

జూన్

ఎండలకి ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఫ్యాన్ హోరెత్తింది, ప్రాసెసర్ 92 డిగ్రీలకి వెళ్ళింది. విప్పి చూస్తే ప్రాసెసర్‌ని చల్లబరిచే రేకుల మధ్య దుమ్ము దూదిపింజలా పేరుకుని ఉంది. పెయింటింగ్ బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు కొత్తది రాసి బిగించాను. 74కి దిగింది. పన్నెండు నిమిషాల వీడియో ఇప్పుడు తొమ్మిది నిమిషాల్లో ఎక్స్‌పోర్ట్ అవుతోంది. మదర్‌బోర్డు మీద నాణెంలాంటి 2032 బ్యాటరీ కూడా అయిపోయింది, అందుకే రోజూ తారీఖు తప్పు చూపిస్తోంది. కొత్తది వేశాక సర్దుకుంది.

యూపీఎస్ డబ్బులు దండగ అనిపించింది కొన్నప్పుడు. ఈ నెలలో గాలివానకి నాలుగుసార్లు కరెంటు పోయింది. నాలుగుసార్లూ పని సేవ్ చేసుకుని కంప్యూటర్ ఆపగలిగాను.

మిగిలిన లోటు చప్పుడుది. పద్నాలుగు గుల్లలు ఒక్కసారి మోగితే ఫోన్ మైకులో చప్పుడు పగిలిపోతోంది. గీత పైన కత్తిరించినట్టు బల్లపరుపుగా కనిపిస్తుంది, అలా పోయిన చప్పుడుని ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు. రికార్డింగ్ స్థాయి మనమే తగ్గించుకోగలిగే చిన్న రికార్డర్ కోసం డబ్బు దాస్తున్నాను. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర. ఆ రోజు బృందాలు చాలా వస్తాయి, ఆలోపు కొనాలి.