సబ్ కాంట్రాక్టరు ఎవరు, ఎవరు కారు

వేసవిలో కాలువలు కట్టేసిన దగ్గర నుంచి మళ్లీ సార్వాకు నీళ్లు వదిలే దాకా మా గోదావరి డెల్టాలో పూడికతీత, గట్ల పటిష్ఠం, లాకుల మరమ్మతులు ఒక్కసారిగా మొదలవుతాయి. ఆ రోజుల్లో ఏ గట్టు మీద ఆగి పని ఎవరిదని అడిగినా నలుగురు నాలుగు పేర్లు చెబుతారు. ఆ పేర్లన్నిటికీ తగిలించే మాట మాత్రం సబ్ కాంట్రాక్టరు ఒక్కటే. పొక్లెయిన్ అద్దెకిచ్చినవారు, కూలీలను తెచ్చిన మేస్త్రీ, కంకర తోలించిన లారీ యజమాని అందరూ ఆ మాట కిందికే వస్తారు. పత్రికలు ఉపగుత్తేదారు అని రాసినా ఊళ్లో ఎవరూ అలా అనరు. పిలుపు ఏదైనా, దాన్ని ఇంత ఉదారంగా వాడటం వల్ల డబ్బు దగ్గర పేచీ వచ్చినప్పుడు ఎవరు ఎవరికి బాకీయో తేలదని నా అభిప్రాయం.

పని చేయించుకునే యజమానితో నేరుగా ఒప్పందం చేసుకున్న వ్యక్తి కాంట్రాక్టరు. ఆయన తాను ఒప్పుకున్న పనిలో కొంత భాగాన్ని, సొంత పూచీ మీద పూర్తిచేసి అప్పగించాలనే షరతుతో మరొకరికి ఇస్తే, ఆ మరొకరు సబ్ కాంట్రాక్టరు. పని పెద్దదా చిన్నదా, చేసే వ్యక్తికి సొంత యంత్రాలున్నాయా లేవా అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు. రావులపాలెంలో ఒకరు ఇల్లు కట్టించుకుంటూ మొత్తం పనిని చదరపు అడుగుకు ఇంత అని ఒక కాంట్రాక్టరుకు అప్పగించారనుకుందాం. ఆ కాంట్రాక్టరు వైరింగు పనిని గుత్తకు ఇచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ ఇంటి వరకు సబ్ కాంట్రాక్టరు. అదే ఎలక్ట్రీషియన్‌ను పక్క వీధిలో మరో ఇంటి యజమాని స్వయంగా పిలిచి బేరం కుదుర్చుకుంటే, అక్కడ ఆయన కాంట్రాక్టరే అవుతాడు. మనిషీ పనితనమూ మారకపోయినా హోదా మారింది, ఎందుకంటే ఒప్పందంలో అవతలి పక్షం మారింది.

దీని ఫలితం చిన్నది కాదు. మొదటి ఇంట్లో వైరింగు డబ్బు ఆగిపోతే ఎలక్ట్రీషియన్ అడగవలసింది కాంట్రాక్టరునే. ఇంటి యజమానికి, ఎలక్ట్రీషియన్‌కు మధ్య ఒప్పందమే లేదు కనుక నేరుగా బాకీ అడిగే హక్కు సాధారణంగా ఉండదు. అలాగే స్విచ్చులు కాలిపోతే యజమాని నిలదీయవలసింది కూడా కాంట్రాక్టరునే. ‘అది నా సబ్ కాంట్రాక్టరు చేసిన పని’ అన్న జవాబు మా వైపు తరచుగా వినిపిస్తుంది కానీ, పనిని కిందికి ఇచ్చినంత మాత్రాన పూచీ కిందికి దిగిపోదు. అసలు కిందికి ఇవ్వవచ్చునా అన్నదీ చూసుకోవాలి. 1872 నాటి ఒప్పందాల చట్టం 40వ సెక్షను ప్రకారం, ఫలానా వ్యక్తే స్వయంగా చేయాలన్నది ఇరుపక్షాల ఉద్దేశమైతే ఆ పనిని ఇతరుల చేత చేయించకూడదు. అలాంటి ఉద్దేశం లేనప్పుడు సమర్థుడైన మరొకరిని నియమించుకోవచ్చు.

ఇక కూలీలను తెచ్చే మేస్త్రీ సంగతి. కేంద్ర ప్రజా పనుల శాఖ సాధారణ షరతులు అనుమతి లేకుండా పనిని సబ్‌లెట్ చేయరాదంటూనే, అంటే మరొకరికి కిందికి ఇవ్వరాదంటూనే, పని పరిమాణాన్ని బట్టి కూలి చెల్లించే పద్ధతిలో మనుషులను పెట్టుకోవడం సబ్‌లెట్ కిందికి రాదని స్పష్టం చేస్తాయి. ఇది సబబుగానే ఉంది. కంకర అమ్మినవారు సరఫరాదారు, గంటకు ఇంత అని పొక్లెయిన్ ఇచ్చినవారు యంత్రం అద్దెకిచ్చినవారు. గట్టు సరిగ్గా నిలిచిందా లేదా అన్న పూచీ వీరికి లేదు.

కానీ కూలి డబ్బుల విషయంలో చట్టం దృష్టి వేరు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కాంట్రాక్టరు నిర్వచనంలోనే సబ్ కాంట్రాక్టరును కలిపింది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని 21వ సెక్షనులో చెప్పింది. దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్ కూడా ఈ రెండింటినీ కొనసాగించింది. అంటే సబ్ కాంట్రాక్టరుకు తెరుచుకోని తలుపు ఆయన కింద పనిచేసిన కూలీకి తెరుచుకుంటుంది.

పనిని విడగొట్టి ఇవ్వడమంటేనే ఏదో లోపాయికారీ వ్యవహారమన్న భావం మనవాళ్లలో ఉంది. కమీషను మిగుల్చుకుని పనంతా చేతులు మార్చే వారిని చూస్తే ఆ అనుమానం ఊరికే పుట్టలేదనిపిస్తుంది. అయితే కొన్ని పనులకు ప్రత్యేక నైపుణ్యం తప్పదు. పోలవరంలో నదీగర్భం కింద నీటి ఊటను ఆపడానికి కట్టే గోడ, అంటే డయాఫ్రం వాల్ కోసం పునాది పనుల్లో ప్రత్యేకత ఉన్న బావర్ సంస్థ రావలసి వచ్చింది.

మా ప్రాంతపు చిన్న సబ్ కాంట్రాక్టర్లను దెబ్బతీసేది ‘పైనుంచి బిల్లు వచ్చాక ఇస్తాను’ అన్న నోటిమాట. పై బిల్లు ఏళ్ల తరబడి ఆగినా కింద సిమెంటు దుకాణం బాకీ ఆగదు. అందువల్ల కొలతలు ఎవరు తీస్తారు, తీసిన ఎన్ని రోజులకు చెల్లిస్తారు, నిలిపి ఉంచే సొమ్ము ఎంత, దాన్ని ఎప్పుడు విడుదల చేస్తారు అన్నవి స్టాంపు కాగితం మీద రాయించుకోవడం అవసరం. చెల్లింపులో మూలం వద్ద పన్ను కోత ఉంటే, అది సాధారణంగా వ్యక్తికి 1 శాతం, సంస్థకు 2 శాతం; ఆ కోత తమ పాన్ నంబరు మీద జమ అయిందో లేదో కూడా చూసుకోవాలి. రేపు ఒప్పందమే లేదని అవతలివారు బుకాయిస్తే, వారి పేరు మీదుగా జమ అయిన ఆ పన్ను మంచి సాక్ష్యమవుతుంది.