టెరెల్‌లో ఇరవై సమాధులు

మా వాడికి పన్నెండేళ్ళు, విమానాల పిచ్చి. వాడి కోసమే ఒక శనివారం డాలస్ నుంచి టెరెల్ వెళ్ళాం. తూర్పున 50 కిలోమీటర్లు. అక్కడ ఎయిర్‌పోర్టు దగ్గర చిన్న మ్యూజియం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కుర్రాళ్ళకు విమానం నడపడం నేర్పిన ఊరు అది. 1941 నుంచి 1945 దాకా రెండు వేల మందికి పైగా నేర్చుకున్నారు. వాళ్ళ దేశంలో మబ్బులు, పైన శత్రువు భయం. ఇక్కడ తెరిపి ఆకాశం. అందుకే సముద్రం దాటించి పంపారు. వాళ్ళలో ఇరవై మంది ఈ ఊరి శ్మశానంలోనే ఉండిపోయారని తెలిశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పేర్లు తెలుసుకుని వెళ్ళి పూలు పెట్టాలనిపించింది. యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ దేశాల సైనికుల సమాధులను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో వెతికాను. మొదట దేశం పేరు కొట్టి, కుప్పలుగా వచ్చిన పేర్లలో చిక్కుకుపోయాను. శ్మశానం పేరు దగ్గర టెరెల్ అని కొట్టాకే దొరికాయి. మీరు వెతికితే ముందే అలా చేయండి. పేరు నొక్కితే సర్వీస్ నంబరు, చనిపోయిన తేదీ, చాలామందికి వయసు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు కూడా ఉంటాయి. శత్రువు చేతిలో పోయినా, శిక్షణలో పోయినా ఆ జాబితాలో తేడా చూపరు. అది నాకెంతో న్యాయంగా అనిపించింది.

నలుగురికి ఒకటే తేదీ: 1943 ఫిబ్రవరి 20. ఆ రోజు శిక్షణలో భాగంగా ఓక్లహోమా వైపు బయల్దేరిన ఏటీ-6 విమానాల్లో రెండు, వాతావరణం చెడి, మోయర్స్ ప్రాంతపు కొండల్లో కూలిపోయాయి. 2000లో అక్కడి బడిపిల్లలే పూనుకుని వాళ్ళకు స్మారకం పెట్టించారు. దేహాలను ఇంటికి పంపే పద్ధతి అప్పట్లో లేదు. నలుగురినీ టెరెల్‌కే తెచ్చారు.

తర్వాతి వారం చేమంతులు కొనుక్కుని పొద్దున్నే టెరెల్‌లోని ఆ శ్మశానానికి, ఓక్‌లాండ్ మెమోరియల్ పార్క్‌కు వెళ్ళాం. చాలా పెద్ద స్థలం. అరగంట తిరిగినా కనపడక టెన్షన్ పడుతుంటే, గడ్డి కోస్తున్న పెద్దాయన మిషను ఆపి చేత్తో చూపించాడు.

రాయికి రెండు పూలు చొప్పున పెట్టాం. ఒక రాతి మీద చెక్కిన అక్షరాల్లో మట్టి ఇరుక్కుని ఉంటే మా వాడు చొక్కా అంచుతో మెల్లగా తుడిచాడు. వయసు 19 అని కనిపించింది. కాసేపు చూసి, "నాకింకా ఏడేళ్ళు నాన్నా" అన్నాడు. నాకు మాట రాలేదు.

విజయవాడలో అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను.

"మనవాళ్ళా నాన్నా?" అంది.

"కాదమ్మా. ఇంగ్లండు పిల్లలు."

"వాళ్ళమ్మ పేరు ఉందా ఎక్కడైనా?"

ఫోన్లో దాచుకున్న వివరాలు తీసి చదివాను. "సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చదువు" అంది. గట్టిగా చదివాను. అమ్మ ఆ పేరు మెల్లగా, కూడబలుక్కుంటూ, తనూ ఒకసారి పలికింది.