పసుపు తువ్వాలు

ఆపరేషన్ బాగా జరిగితే వేళాంగణి మాత గుడికి వచ్చి ఇసుకలో మోకాళ్ల మీద నడుస్తానని అమ్మ మొక్కుకుంది. ఆపరేషనైతే జరిగింది, అమ్మే మిగల్లేదు. ఆ మొక్కు నువ్వు తీర్చాల్సిన పనిలేదమ్మా అన్నారు మా విచారణ (చర్చి) ఫాదర్. నాకే మనసొప్పలేదు. అక్టోబర్ అంటే మా క్యాథలిక్కులకు జపమాల మాసం. మొదటి శనివారం తెల్లవారుజామున తిరుపతిలో బస్సెక్కాను. సంచిలో అమ్మ జపమాల.

చిత్తూరుకి 70 కిలోమీటర్లు. వేలూరులో ఆసుపత్రికి మూడు నెలలు అమ్మతో తిరిగిన దారే. చంద్రగిరి దాటగానే అమ్మ సిలువ గుర్తు వేసుకునేది, మధ్యలో కునుకు తీసినా పూతలపట్టు వచ్చేలోపు జపమాలలోని 53 మంగళవార్త ప్రార్థనలూ ముగించేది. నేను మొదటిదే పూర్తి చేయలేకపోయాను. "మా మరణ సమయమందును" దగ్గర గొంతు పట్టేసింది.

చిత్తూరు బస్టాండులో కాళ్లు ఆడలేదు. వేలూరు బస్సులు రెండు కళ్ల ముందే వెళ్లిపోయాయి. తమిళుల పెరటాసి నెలలో శనివారం కదా, తమిళనాడు నుంచి తిరుమలకి నడిచిపోయేవాళ్లు పసుపు బట్టల్లో ఎక్కడ చూసినా వాళ్లే. వాళ్లు నేను వచ్చిన వైపుకి, నేను వాళ్లు వచ్చిన వైపుకి. గోడ పక్కన కూలబడి ఏడుస్తుంటే, కాళ్లకు గుడ్డలు చుట్టుకున్న ఒక అవ్వ వచ్చి ఆనుకుని కూర్చుంది.

"యాడికి పోతా ఉండావు పాపా?"

చెప్పాను. దేవుని చిత్తం అనలేదావిడ. (అమ్మ పోయినప్పటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! తప్పని కాదు, అన్నవాళ్లు వెంటనే లేచి వెళ్లిపోయేవాళ్లు.) ఏ జబ్బు, ఎన్నాళ్లు పడింది, అన్నం తినిందా అని అడిగింది. డబ్బా తెరిచి చిత్రాన్నం పెట్టింది. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అవ్వ కనిపెట్టేసింది.

"సామి ప్రసాదం కాదులే, ఇంట్లో చేసిందే. తిను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తింటుంటే చెప్పింది, తన పెద్దకొడుక్కి పుట్టెంట్రుకలు తీయించింది వేళాంగణిలోనేనట.

వేలూరు బస్సు రాగానే అవ్వ మనవడు పరుగెత్తి కిటికీలోంచి తన తువ్వాలు సీటు మీదికి విసిరాడు. నేను తోసుకుంటూ వెళ్లి కూర్చుని, తువ్వాలు తిరిగిచ్చేలోపే బస్సు కదిలింది. ఉంచుకో అన్నట్టు అవ్వ చెయ్యి ఊపింది.

వేలూరులో బస్సు మారాను. తర్వాతి ప్రయాణమంతా నిద్రే.

మర్నాడు బసిలికా చర్చి నుంచి మాత కొలను వైపు ఇసుక దారిలో మోకాళ్ల మీద బయలుదేరాను. ఎండ మాడుతోంది. ముసుగు వేసుకోవడానికి సంచిలో ఆ తువ్వాలే దొరికింది. దాని మీద మూడు నామాలు అచ్చేసి ఉన్నాయని అప్పుడే చూశాను. అలాగే కప్పుకున్నాను. పక్కన మోకాళ్ల మీదే వస్తున్న తమిళావిడ ఆ నామాల వైపు ఓసారి చూసి, జారిపోతున్న అంచుని నా చెవి వెనక్కి సర్దింది.